జ్ఞానమణమ్మ రాతి మీద నెల

“ఇదేటి సెక్కావు? ఇది పదకొండు!”

కృపాజ్యోతి రాయి మీదికి వంగింది. ప్రేమరాజు చేతిలో ఉలి ఆగిపోయింది.

“తొమ్మిదే కదా టీచరుగారూ! నువ్వు నేర్పినట్టే, పది పక్కన ఒకటి.”

“ఏ పక్కన? ఒకటి ఎడమనుంటే పదిలోంచి తీసెయ్యాలి, కుడినుంటే కలపాలి. IX తొమ్మిది. నువ్వు సెక్కింది XI.”

ప్రేమరాజు గబగబా అంకె గీసిన ట్రేసింగు కాగితం తీశాడు. కాగితం మీద IX సరిగ్గానే ఉంది. వెనక్కి తిప్పి చూశాడు. XI!

“తిరగేసి అంటించాను జ్యోతీ. తెలుగక్షరమైతే ఇట్టే తెలిసిపోయేది. ఇవి ఎటు తిప్పినా ఒకలాగే ఉన్నాయి.”

అది జ్యోతి నాయనమ్మ జ్ఞానమణమ్మ సమాధి రాయి. ఆమె పోయింది సెప్టెంబరులో. తాతగారి రాతి మీద నెల రోమన్ అంకెల్లో ఉందని, దీని మీదా అలాగే కావాలన్నారు జ్యోతి తండ్రి ప్రభుకుమార్ మాస్టారు. రేపే, నవంబరు రెండున, సమాధుల పండుగ; అందరూ తమవాళ్ళ సమాధులకి పూలు పెట్టే రోజు.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. పది రోజుల క్రితం ప్రేమరాజు ఇంట్లోవాళ్ళు వెళ్ళి జ్యోతిని పెళ్ళికి అడిగారు. “ముందు మా అమ్మ రాయి సూస్తాను. తరవాత సెప్తాను,” అన్నారు మాస్టారు.

నాలుగింటికి వస్తానన్నారు. ఇప్పుడు మూడున్నర. రేకుల షెడ్డు బయట వాన.

“నాన్నగారు కళ్ళజోడు మర్చిపోతే బాగుణ్ణు.”

“ఆయనా? నిద్దట్లో కూడా హాజరు పిలిచే మనిషి!”

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ బయటికి రాలేదు.

జ్యోతి తను తెచ్చిన చేమంతి దండ తీసి అంకె మీద కప్పింది. “ఇలా ఉండనీ. ఈ ఊళ్ళో ఇవి సదివేవాళ్ళు ఎందరు? పండగయ్యాక సూద్దాం.”

ఆమె కనురెప్పల మీద ఇంకా వాన చుక్కలున్నాయి. ఈ పిల్ల దక్కకుండా పోతే? ప్రేమరాజుకి సరే అనాలనిపించింది.

అంతలో స్కూటరు ఆగింది.

మాస్టారు గొడుగు దులిపి, రాయి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తల్లి పేరు చదివారు. “బాగుందబ్బాయ్,” అన్నారు.

జ్యోతి ఊపిరి పీల్చుకోబోయింది. ప్రేమరాజు దండ తీసేశాడు.

“తప్పు సెక్కానండీ. సెప్టెంబరు బదులు నవంబరు పడిపోయింది. ఈ వరసంతా అరగదీసి మళ్ళీ సెక్కాలి. రేపటికి అవ్వదండీ.”

మాస్టారు ఆ అంకెను వేలితో తడిమారు. జ్యోతి రాయి అంచు గట్టిగా పట్టుకుంది.

“నవంబరంటే ఈ నెలే కదా,” అన్నారు చివరికి. “అమ్మ ఈ నెల దాకా ఉండుంటే, మీవాళ్ళు అడగొచ్చిన రోజు ఇంట్లోనే ఉండేది. నన్నిన్నాళ్ళు ఆలోచించనిచ్చేదేటి? ఆ పూటే ఔననిపించేది.”

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నెమ్మదిగా సెక్కు. ఆదివారం ఆరాధనయ్యాక మీ అమ్మానాన్నల్ని భోజనానికి తీసుకురా.”

స్కూటరు వెళ్ళిపోయింది. ప్రేమరాజు ట్రేసింగు కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి ఏది ఎడమో జ్యోతే వేలు పెట్టి చూపించింది.