పూల కాగితం గోడ

ఎల్లారెడ్డిల బాలనర్సయ్య ఇల్లంటే పేరు చెడ్డది. రెండేండ్ల సంది తాళమేసి ఉన్న ఇల్లు... దీపాలు పెట్టే యాళకు లోపటికెళ్లి టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు ఇనవడ్తయని అందరు చెప్పుడే. పాలకు పోయే ఆడోళ్లు సుట్టు తిరిగన్న పోయేటోళ్లు గని, ఆ గల్లిలకెళ్లి పోకపోయేది.

నేను నమ్మకపోదును. తాళమేసిన ఇంట్ల ఎలుకలు తిరుగయా, పందికొక్కులు తిరుగయా? పని లేనోళ్లకు దెయ్యాలకేం కొదువ అనేదాన్ని.

గని రెండువేల పన్నెండుల మా చెల్లె బిడ్డ సాయిలతను ఆ ఇంటికే ఇచ్చుడు ఖాయమైంది. పిలగాడు బాలనర్సయ్య కొడుకు ఆకాశ్. వంక పెట్టేతందుకు లేదు. తల్లి భూమక్క పోయినంక తండ్రీకొడుకులు కామారెడ్డిల కిరాయికుంటున్నరు. పెండ్లైనంక మళ్ల సొంతింటికే వస్తరు, కొత్త జంటకు ఆ దెబ్బలు ఇనవడే అర్రనే ఇస్తరు అన్నరు. అప్పుడు నేను గూడ భయపడ్డ. ఎవ్వరి పిల్లనో కాదు గద, నా చేతుల పెరిగిన పిల్ల.

మొగని పేరు చెప్పొద్దంటరు గని, చెప్పకుంటె మీకెట్ల తెలుస్తది? మా ఇంటాయన సిద్దిరాములు, రంగులేసే మేస్త్రి. ఆ అర్రకు రంగేసే పని ఆయనకే వచ్చింది.

"రంగు సంగతి తర్వాత," అన్న నేను. "ఒక్క రాత్రి ఆడ పండుకొని రా. పిల్లను పంపొచ్చునా, వద్దా... అది చెప్పు నాకు."

పెండ్లి ఇంక ఐదొద్దులే ఉన్నది. ఇంక ఆడికెళ్లి ఆయన చెప్పిందే చెప్తున్న.

అర్రల మూడు గోడలు మామూలువే. నాలుగోదానికి మాత్రం పూల కాగితం అతికిచ్చి ఉన్నది. బాలనర్సయ్య మస్కట్‌కెళ్లి తెచ్చిన కాగితమట. గులాబి పూలన్ని పచ్చబడి, అంచులు లేసినయి. ఇది పీకాలె అన్నడు మా ఆయన. కాగితం మీద రంగు ఆగదు... తడికి ఉబ్బుతది, నెలకే పెచ్చులు లేస్తది.

బాలనర్సయ్య ససేమిరా అన్నడు. "పీకకు సిద్దిరాములు. మీదికెళ్లే రంగెయ్యి. గోడ సాఫ్ కనవడితె చాలు నాకు." ఎందుకని అడిగితె మొకం తిప్పుకొని బస్సెక్కి పోయిండట.

సరే అని కాగితం మీదనే ఒక పట్టె పూసి చూసిండు. అప్పటికే పొద్దు గూకింది. కరెంటు పోయింది. మైనపు బత్తి ముట్టిచ్చి చూస్తె... పూసినకాడ కాగితం ఉబ్బుతున్నది. లోపటికెళ్లి ఎవలో చెయ్యి పెట్టి మెల్లగ నెట్టినట్టు.

నవ్వుకున్నడట. ఇరవై ఏండ్ల పని ఆయనది, తడి కాగితం గట్లనే లేస్తదని ఎరుకనే. గోడ బోలుగ ఉన్నదా అని గోకుడు పట్టీ పిడితోని కొట్టి చూసుడు ఆయనకు అలవాటు. కొట్టిండు. మూడు సార్లు. బోలుగనే పలికింది.

చెయ్యి దించిండు...

టక్ — టక్ — టక్.

అవతలికెళ్లి.

"ఎవరది?" అనవోయి ఎనుకకు జరిగిండట. ఉరికొచ్చేటోడే. గని పిల్ల మతికొచ్చింది. తను ఉరికితె... ఐదొద్దులైతె ఆ గోడ పక్కన పండుకునేది సాయిలతనే గద.

బకిట్ల నీళ్లు కాగితం మీద కొట్టి, రెండు చేతులతోని గుంజిండు. మైదపిండితోని అతికిచ్చిన కాగితం, సర్రున ఊడొచ్చింది.

ఎనుక గోడ లేదు. తలుపున్నది. గొళ్లెం ఇటు దిక్కే.

తీసిండు. చీకట్ల బుడ్డి దీపం పట్టుకొని ఒక ఆడమనిషి నిలవడ్డది.

"ఎవరన్నా నువ్వు?" అన్నదట, మెల్లగ.

బాలనర్సయ్య తమ్ముని పెండ్లాం మంగవ్వ. తమ్ముడు సీతారాం దుబాయిల ఉంటడు, ఇంటి అవతలి సగంల ఆమె ఒక్కతే. ఆమె వాకిలి ఎనుక గల్లిలకుంటది, అందుకే ముందటి గల్లోళ్లకు ఆమె యాదికే రాలే. బోరునీళ్లకాడ అన్నదమ్ములు కొట్లాడుకొని మాటలు బంద్ చేసిన్రట. ఆడోళ్లు గూడ కలువొద్దని బాలనర్సయ్య నడిమి తలుపు మీద కాగితం అతికిచ్చిండు.

"మొగోళ్ల పంచాయితికి మాకేందన్నా?" అన్నదట మంగవ్వ. "దీపం పెట్టంగనే భూమక్క మూడు దెబ్బలు కొట్టేది, తిన్నవా అని. నేను మూడు కొడ్దును, తిన్న అని. అక్క పోయి రెండేండ్లాయె... అలవాటు పోలే."

తెల్లారి మా ఆయన ఇంటికొచ్చి చెప్తె కడుపు నిండ నవ్విన. తర్వాత ఏడ్చిన గూడ. దెయ్యం లేదు, పాడు లేదు, ఇద్దరు యారాండ్ల ప్రేమ, పాయిరం గది. బాలనర్సయ్య సిగ్గువడి తలుపు ఉండనిచ్చిండు. మా ఆయన కాగితమంత గోకి, గోడకు, తలుపుకు మంచిగ రంగేసిండు. నేను నిమ్మళమైన. పిల్లను పంపొచ్చు అని మా చెల్లెకు నేనే చెప్పిన.

పెండ్లి మహమ్మద్‌నగర్‌ల, మా చెల్లె ఇంటికాడ. సాయంత్రం పిల్లను తీస్కొని పెండ్లోళ్లు ఎల్లారెడ్డి పోయిన్రు. మా ఆయన పిలిస్తె పెండ్లికి మంగవ్వ గూడ వచ్చింది. గని బావతోని ఇంక మాటల్లేవాయె, ఆళ్ల బండెక్కలే. బస్సు సుత తప్పిపోయింది. ఉండు వదినె, పొద్దుగాల పోదువు అని పీటేసి అన్నం పెట్టిన.

దీపాలు పెట్టినంక సాయిలత ఫోన్ చేసింది.

"మంచిగున్న పెద్దమ్మా. అర్ర సక్కగున్నది. అందరు ముందట వాకిట్ల కూసున్నరు..." మధ్యల ఆగింది. "ఉండు పెద్దమ్మా, చిన్నత్త నడిమి తలుపు కొడ్తున్నది. కూర తెచ్చినట్టున్నది."

ఫోన్ల నాకు గూడ ఇనవడ్డది. మూడు దెబ్బలు.

నేను మంగవ్వ దిక్కు చూసిన. నా ముందటనే కూసోని అన్నం కలుపుతున్నది.

"వదినె... ఆడ తలుపు కొట్టేదెవరు?" అన్న.

ఆమె ముద్ద పళ్లెంల పెట్టేసింది. "నేను ఎన్నడు ముందుగాల కొట్టలే వదినె," అన్నది. "కొడ్తె జవాబిచ్చిన. గంతే."

ఫోన్ల గొళ్లెం తీసిన చప్పుడు.

"బిడ్డా, తియ్యకు..." అన్న.

"తలుపు తీసిన పెద్దమ్మా... అవతల ఎవ్వరు లేరు. చీకటున్నది."

మంగవ్వ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మెల్లగ తల అడ్డం ఊపింది.

"అవతల యాడుంటది వదినె? అది అక్క అర్ర. పిల్ల పక్కనే ఉన్నది."