సభ మనసు తెలిసింది

దమయంతి చెప్పులు వేసుకునేసరికే డ్రైవరు లేని ఒదుగుబండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఆమె దాన్ని పిలవలేదు. కోరింగపట్నంలో బండిని పిలిచే అలవాటు పోయి పదకొండేళ్ళయింది. ప్రతి మనిషి మణికట్టుకీ ఒక మనోపట్టీ ఉంటుంది. గుండె వేగాన్నీ, చెమటనీ, నరాల అదురునీ బట్టి మనిషి ఎక్కడికి బయల్దేరాలనుకుంటున్నాడో అది ముందే పసిగట్టి బళ్ళకి కబురు పెడుతుంది. బస్టాపులు పోయాయి, రూట్ నంబర్లు పోయాయి, కండక్టర్లు పోయారు. చిట్టచివర ఉద్యోగం పోగొట్టుకున్న కండక్టర్లలో దమయంతి ఒకతె. ఇప్పుడామెకి యాభై ఎనిమిదేళ్ళు. నగర సంయుక్త ప్రయాణ సభకి అధ్యక్షురాలు.

బండి ఒక పక్కకి ఒరిగి మెట్టును నేలకి ఆనించింది. ఆమె ఎక్కి కూర్చుంది.

"పదకొండింటికి సభ. తొమ్మిది నిమిషాల్లో చేరుస్తాను," అంది బండి గొంతు.

ఆమెకి వెళ్ళాలని లేదు. ఈవేళ అబ్బులుగారు మాట్లాడతారు. ఆ సంగతి తలుచుకోగానే దవడ కండరం బిగుసుకోవడం ఆమెకే తెలిసింది. మణికట్టు మీది పట్టీకి కూడా తెలిసింది.

సంయుక్త సభ పుట్టి నాలుగు నెలలే అయింది. అంతకుముందు నగరంలో రెండు సంఘాలుండేవి. బళ్ళలో తిరిగే జనం తరఫున రవాణా శాఖకి సలహాలిచ్చే ప్రయాణికుల సంఘం ఒకటి. చూపూ, వినికిడీ, నడకా సరిగా లేనివాళ్ళు తమ రాకపోకల కోసం నడుపుకునే సుగమ సంఘం రెండోది. ఒక్కోదాంట్లో పన్నెండుమంది. వాటిని కలిపెయ్యమని శాఖకి రాసింది, అప్పటికి ప్రయాణికుల సంఘానికి పెద్దగా ఉన్న దమయంతే. 'రెండు సంఘాలూ మాట్లాడుకునేది ఒకే బండి గురించి. దానికి రెండు గదులెందుకు?' అని రాసింది. ఆ మాట పైవాళ్ళకి బాగా నచ్చింది. కలిసిన సభలో కుర్చీలు పద్నాలుగయ్యాయి. సుగమ సంఘానికి నాలుగు మిగిలాయి.

ఆమె రాయని కారణం ఒకటుంది. అది గుబ్బల అబ్బులు.

అబ్బులు సుగమ సంఘానికి పెద్ద. పుట్టుకతో వచ్చిన నరాల జబ్బు వల్ల చక్రాల కుర్చీలో ఉంటాడు. ప్రతి మాటా గొంతులో పెనుగులాడి పెనుగులాడి బయటికొస్తుంది. ఆయన మాటల్ని ముందే ఊహించి పలికే పెట్టె ఒకటి ఇస్తే, "నేననుకోనిది కూడా అనేస్తందండి" అని తిప్పి పంపేశాడు. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఆయనకి నిమిషం పైగా పట్టింది. రెండు సంఘాలూ నెలకోసారి ఉమ్మడిగా కూర్చున్నప్పుడు ఆయన నోరు విప్పితే భోజనాలు చల్లారిపోయేవి. సంఘాలు కలిస్తే కొత్త సభకి ఏకమతి యంత్రం ఇస్తామని శాఖ చెప్పింది. అదుంటే ఎవరూ ఎక్కువసేపు మాట్లాడనక్కర్లేదు. సభ్యుల మనోపట్టీలన్నిటినీ చదివి, ఎక్కువమంది మనసు ఒక చోట కుదురుకోగానే బల్ల మధ్యనున్న గాజు వలయాన్ని పచ్చగా వెలిగించి చర్చ ముగిస్తుంది. మొహమాటస్థుల మనసు కూడా వింటుందని శాఖవాళ్ళు గొప్పగా చెప్పారు.

విలీన పత్రం మీద సంతకం పెట్టేముందు అబ్బులు ఆమెనే అడిగాడు. "మా మాట... ఉంటదాండీ?"

"ఎందుకుండదండీ? కలిస్తే బలం పెరుగుతుంది గానీ తగ్గుతుందా?" అంది దమయంతి.

ఆయన నమ్మాడు. ఆమె కండక్టరుగా ఉన్న రోజుల్లో ఒకసారి జనం కేకలు వేస్తున్నా లెక్కచెయ్యకుండా, ఆయన కుర్చీ ఎక్కేదాకా బస్సు కదలనివ్వలేదు. ఆ సంగతి ఆయన పదిమందికీ చెప్పుకునేవాడు.

సభలో ఆ రోజు వచ్చిన అంశం చిన్నదే. బండి మనిషిని ఎక్కించుకోవడానికి తొంభై సెకన్లు ఆగుతుంది. దాన్ని నలభైకి తగ్గిస్తే నగరమంతా ప్రయాణ సమయం కలిసొస్తుందని శాఖ ప్రతిపాదన. అబ్బులు కుర్చీని ముందుకి జరుపుకుని గొంతు సవరించుకున్నాడు.

"నలభై... సెకన్లలో..." అన్నాడు.

వలయం పచ్చగా వెలిగింది. "సభ మనసు తెలిసింది. ప్రతిపాదన ఆమోదం పొందింది," అంది ఏకమతి. అబ్బులు ముందున్న మైకు ఆగిపోయింది.

ఆయన నోరు ఇంకా తెరుచుకునే ఉంది. తరవాతి మాట పెదవుల దాకా వచ్చి ఆగినట్టు గడ్డం వణుకుతోంది. చెయ్యెత్తి చర్చని మళ్ళీ తెరిచే హక్కు అధ్యక్షురాలికుంది. దమయంతి ముందున్న కాగితాల వంక చూసింది. ఒక కాగితం తీసి ఇంకోదాని కింద పెట్టింది.

"తరవాత అంశం," అంది.

ఆ పూట భోజనం వేడిగా ఉంది. ఆమె రెండు ముద్దలకి మించి తినలేకపోయింది.

మరుసటి గురువారం సభకి అబ్బులు రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. మిగిలిన ముగ్గురు సుగమ సభ్యులు వచ్చి ఏమీ మాట్లాడకుండా వెళ్ళారు. ఆయన అలిగాడేమోనని ఎవరో అన్నారు. అలిగితే బాగుండునని దమయంతి లోపల్లోపల అనుకుంది. ఆయన ఎదురుపడే రోజు తలుచుకుంటేనే ఆమె మెడ వెనక వేడెక్కేది.

నాలుగోవారం ఆమె ఏకమతిని చూసుకునే ఇంజనీరు సుభాషిణి గదికి వెళ్ళింది.

"అబ్బులుగారు సభకెందుకు రావడం లేదో తెలుస్తుందామ్మా?"

సుభాషిణి తెర మీద వెతికింది. "ఆయన ప్రతి గురువారం బయల్దేరుతున్నారండీ. బండే ఆలస్యంగా వెళ్తోంది. సభ అయిపోయాక తీసుకొచ్చి, మళ్ళీ ఇంటికి చేరుస్తోంది."

"ఎందుకని?"

ఆ పిల్ల తెరని ఆమె వైపు తిప్పింది. తరవాత నెమ్మదిగా అంది. "ఎడసవరణ అని ఒకటుందండీ. ఒకళ్ళంటే ఒకళ్ళకి పడనివాళ్ళని బళ్ళు ఒకేచోట దింపవు. గొడవలు తగ్గుతాయని పెట్టారు. ఆయన పేరు తలుచుకున్నప్పుడల్లా మీ పట్టీలో అయిష్టం నమోదవుతోంది. చాలా ఎక్కువగా."

"అయిష్టం కాదమ్మా అది," అంది దమయంతి. "సిగ్గు."

"యంత్రానికి రెండూ ఒకటేనండీ. మొహం చూడకూడదనుకున్నా, మొహం చూపించలేకపోయినా గుండె ఒకేలా కొట్టుకుంటుంది. సిగ్గుకి వేరే గడి పెట్టాలని ఎవరికీ తోచలేదు."

దమయంతి కుర్చీ అంచు పట్టుకుంది. "ఆ నలభై సెకన్ల రోజు... చర్చని ఎవరి మనసు మూసింది?"

"అది అడక్కండి మేడమ్."

"చెప్పమ్మా."

"మిగతావాళ్ళ మనసులు ఇంకా ఎటూ తేలలేదండీ. సభలో విసుగు గట్టిగా ఉంటే చర్చ తొందరగా ముగిస్తుంది. అధ్యక్షుల పట్టీకి విలువెక్కువ. మీ విసుగు ఆయన నోరు విప్పకముందే పైకెళ్ళిపోయింది. ఇంకా చెప్పాలంటే, మీరు ఇంటి దగ్గర బండెక్కినప్పుడే."

దమయంతి బయటికి వచ్చి అబ్బులు ఇంటికి వెళ్దామనుకుంది. బండి వచ్చింది. ఎక్కింది. అది ఉప్పుటేరు వంతెన దాకా వెళ్ళి, ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగింది. రెండోసారీ అంతే. "మీకు హాయినిచ్చే దారిలో తీసుకెళ్తున్నాను," అంది గొంతు. మూడోసారి ఆమె బండి దిగి, మనోపట్టీ విప్పి సంచీలో పడేసింది. పట్టీ లేని మనిషి బళ్ళ కంటికి ఆనదు. వచ్చే బండి, పోయే బండి, ఒక్కటీ ఆగలేదు. నాలుగు కిలోమీటర్లు ఎండలో నడిచింది. దారి పొడుగునా కూర్చోడానికి ఒక్క బల్ల లేదు. బస్టాపులతో పాటు వాటి నీడని కూడా పీకేశారని ఆమెకి ఆ రోజే తెలిసింది. పీకెయ్యమన్న ప్రయాణికుల సంఘం తీర్మానం మీద తన సంతకమే ఉంది.

తలుపు తీసిన అబ్బులు భార్య రత్తమ్మ ఆమెని గుర్తుపట్టింది. రమ్మనలేదు, వద్దనలేదు. "నీళ్ళు తాగుతారా?" అని మాత్రం అడిగింది.

అబ్బులు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. దమయంతి నిలబడే చెప్పింది. సంఘాలు కలపమని తనెందుకు రాసిందో చెప్పింది. చల్లారిన భోజనాల గురించి, చర్చ మూసిన విసుగు గురించి, సిగ్గుని అయిష్టమనుకుని ఆయన్ని సభకి రానివ్వని బళ్ళ గురించి చెప్పింది. అంతా చెప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయన జవాబు మొదలుపెట్టాడు. రత్తమ్మ ఆమె చేతికి గ్లాసిచ్చి గుమ్మంలో కూర్చుంది. ఒక్కో మాట కోసం దమయంతి ఎదురుచూసింది.

"బళ్ళ సంగతి నాకు తెలీదండి. మీ సంగతి తెలుసు. ఎన్నేళ్ళనుంచో తెలుసు. నేను మొహాలు చూసి బతికినోణ్ణి. ఎవరికెప్పుడు విసుగొస్తదో వాళ్ళకన్నా ముందే నాకు తెలుస్తది. మీకు విసుగొచ్చినా... ఆగేవోరు. ఆగుతారనే సంతకం పెట్టాను."

"మరి నన్నెప్పుడూ నిలదియ్యలేదేమండీ?"

అబ్బులు నవ్వినట్టు పెదవి ఒక పక్కకి వంగింది. "ఎన్ని... సెకన్లలో?"

గుమ్మంలోంచి రత్తమ్మ అందుకుంది. "మొన్న మా ఆయన కుర్చీ సగం ఎక్కిందో లేదో బండి తలుపేసేసిందమ్మా. చక్రం వంగిపోయింది. ఈ మాట మీరిక్కడ చెప్తే మాకేం ఒరుగుద్ది? నలుగురిలో చెప్పండి."

"చెప్తాను," అంది దమయంతి.

గురువారం ఆమె పట్టీ లేకుండా, నడుచుకుంటూ సభకి వెళ్ళింది. అందరూ కూర్చున్నాక లేచి నిలబడింది. "ఆ రోజు చర్చని మూసింది సభ కాదు, నా విసుగు. సంఘాలని కలపమన్నదీ అందుకే. అబ్బులుగారు మాట్లాడుతుంటే వినలేక..."

వలయం పచ్చగా వెలిగింది. "సభ మనసు తెలిసింది. అంశం ముగిసింది," అంది ఏకమతి. చూస్తే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు దించుకుని ఉన్నారు. వినడానికి ఇబ్బందిపడిన వాళ్ళ గుండెలన్నీ కలిసి ఆమె మాటని మూసేశాయి. మైకు ఆగిపోయింది. దమయంతి ఆగలేదు. మైకు లేకుండానే, కండక్టరు గొంతుతో మొత్తం చెప్పింది. నలభై సెకన్ల అంశాన్ని మళ్ళీ చర్చకి తెమ్మని కోరింది. అలా తేవాలంటే ఎనిమిది సంతకాలు కావాలి. ఐదొచ్చాయి. సుగమ సభ్యులు ముగ్గురు, ఆమె, ప్రయాణికుల సంఘం నుంచి రామలింగం అనే ముసలాయన. మిగిలినవాళ్ళు గడియారం చూసుకుంటూ లేచి వెళ్ళారు. తలుపు దాకా వెళ్ళిన ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది గానీ ఆగలేదు.

హాలు దాదాపు ఖాళీ అయింది కాబట్టి దీపాలు వాటంతటవే సగానికి తగ్గాయి. అప్పుడు గుమ్మం దగ్గర చక్రాల చప్పుడైంది. వంగిన చక్రమున్న కుర్చీని రత్తమ్మ ఇంటి దగ్గర్నుంచి తోసుకొచ్చింది. ఆవిడ పమిటతో మొహం తుడుచుకుని గోడకి ఆనుకుంది. అబ్బులు బల్ల దగ్గరికి వచ్చి, మిగిలిన ఐదుగురినీ ఒక్కొక్కరినీ చూశాడు.

"నలభై సెకన్లలో..." అని మొదలుపెట్టాడు.

దమయంతి చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. ఈసారి ప్రతి మాటా వింటాననుకుంది. నాలుగో నిమిషం దాకా విన్నది. ఐదో నిమిషంలో దవడ బిగుసుకుంది. అదే విసుగు, అదే చోట. ఇంత జరిగాక కూడా వస్తుందని ఆమె అనుకోలేదు. మొహమంతా వేడెక్కిపోయింది.

అబ్బులు చటుక్కున ఆగాడు. ఆమె మొహంలోకి చూశాడు.

ఆమె చూపు తిప్పుకోలేదు. "వచ్చిందండీ," అంది మెల్లగా. "అయినా కూర్చుంటాను. చెప్పండి."

ఆయన కుర్చీని బల్లకి ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. తరవాత, ఆపిన చోటునుంచి కాకుండా, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.