కంప్యూటర్ మీద జంపఖానా

కొత్తవాడలోని ఆ ఇంట్లో పొద్దున్నే వినిపించే చప్పుడు మగ్గానిది. రెండు రోజులుగా అది వినిపించడం లేదు. మహితకు ఆ సంగతే పట్టలేదు. ఆమె కళ్లు గోడ గడియారం మీద, చేతులు కంప్యూటర్ మీద ఉన్నాయి. పదకొండింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, దాంతోపాటే టైపింగ్ పరీక్ష. ఈ పాడు కంప్యూటరేమో ఆన్ చేసిన పది నిమిషాలకే టక్కున ఆగిపోతోంది.

ప్లగ్గు తీసి మళ్లీ పెట్టింది. వైర్లన్నీ బిగించింది. ఇంకో స్విచ్చుకు మార్చింది. అయినా అదే తంతు.

"నేను ముందే చెప్పిన! అంత ఆ మగ్గం దుమ్మే. ఇంట్ల దూది లేస్తాంటే ఏ మిషన్ బతుకుతది?" అని అరిచింది.

వంటింట్లోంచి తల్లి ఇందిరమ్మ గరిటెతోనే వచ్చింది.

"ఏడిదే దుమ్ము? మొన్న నువ్వు గిట్లనే ఒర్లితివి. గప్పటి సంది మీ నాయిన మగ్గం ముట్టలే. ఇయ్యాల ఊడదీస్తాండు. మగ్గం కట్టె తీస్కపొమ్మని కట్టెల దుకాణం ఎల్లస్వామికి గూడ చెప్పిండు."

"ఊడదీసుడేంది? నేను జర బయట పెట్టుకోమన్న, అంతే గదా!"

"గుంట తవ్వి పాతిన మగ్గం బయటికెట్ల వస్తదే? నలభై ఏండ్ల సంది నేస్తాండు. బిడ్డ నౌకరి కన్న మగ్గం ఎక్కువనా అన్నడు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. మహిత హన్మకొండలో కంప్యూటర్లు బాగుచేసే నవీన్‌కు గబగబా ఫోన్ చేసింది.

"సీపీయూ డబ్బా మీద చెయ్యి పెట్టి చూడు చెల్లే. కాలుతాందా?" అన్నాడతను.

"మస్తు కాలుతాందన్నా."

"దాని మీద ఏమన్న కప్పినవా?"

మహిత డబ్బా వైపు చూసింది. తండ్రి నేసిన మందపాటి జంపఖానా డబ్బా చుట్టూ బిగించి ఉంది. మగ్గం దుమ్ము పడకూడదని వారం కింద తానే చుట్టింది.

"గాలి ఆడకనే ఆగిపోతాంది. కప్పింది తీసి చల్లారనియ్," అన్నాడు నవీన్.

జంపఖానా లాగేసింది. వెనక జాలీకి నాలుగు దూది పోగులు తప్ప దుమ్మే లేదు. ఆడలేక మద్దెల ఓడన్నది తానేనని తెలిసి, సిగ్గుతో ముందుగదిలోకి పరుగెత్తింది.

తండ్రి రాజలింగు మగ్గం గుంటలో కూర్చుని మగ్గం తాళ్లు విప్పుతున్నాడు. కూతురి మొహం చూసి కంగారుపడ్డాడు.

"మళ్ల ఆగిందా బిడ్డా? ఫికర్ చెయ్యకు, గంటల అంత ఖాళీ చేస్త."

ఆ మాటతో మహితకు దుఃఖం ఆగలేదు. "తప్పు నాదే నాయినా! నువ్వు నేసిన జంపఖానే చుట్టి దానికి గాలి ఆడకుండ చేసిన. మగ్గం తియ్యకు."

రాజలింగు చేతిలోని తాడు వదిలేశాడు. "గాలి గూడ పోలేదంటే గట్టిగనే నేసినన్నట్టు," అని నవ్వాడు. కళ్లు మాత్రం తడిశాయి.

ఎల్లస్వామిని రావద్దని ఇందిరమ్మే ఫోన్ చేసి చెప్పింది. విప్పిన తాళ్లు రాజలింగు మళ్లీ కట్టుకున్నాడు. ఇంటర్వ్యూ అయ్యేదాకా నెయ్యకుండా ఆగుతానంటే మహిత ఒప్పుకోలేదు.

పదకొండున్నర దాటినా కంప్యూటర్ ఆగలేదు. తెర మీద ఉన్న మేడం చెవి ఒగ్గి, "వెనకాల ఆ చప్పుడేంటమ్మా?" అని అడిగింది.

ముందుగదిలో మగ్గం చటుక్కున ఆగిపోయింది.

మహిత తలుపు వైపు తిరిగి, అక్కడికి వినపడేలా గట్టిగా చెప్పింది. "మా నాన్న మగ్గం మేడం. జంపఖానాలు నేస్తారు."

కాసేపటికి మగ్గం మళ్లీ ఆడింది.