హాలు మధ్యలో స్తంభం

“ఇదేమిటి మేడమ్, హాలు మధ్యలో ఇనుప స్తంభం?”

“క్యారెక్టరండీ. వందేళ్ళనాటిది. ఈ ఫ్లాటుకి అదే అందం.”

“క్యారెక్టర్ మనుషులకి ఉంటే చాలు. ఇంట్లో నడవడానికి దారి ఉండాలి. చీకట్లో లేచి దీనికి తల బాదుకుంటే ఎవరి క్యారెక్టర్‌ని తిట్టుకోవాలి?”

ఆమె నవ్వింది. ఫ్లాట్లు అమ్మే ఉద్యోగంలో నవ్వు కూడా జీతంలో భాగమే.

అతను లిఫ్టుల మెకానిక్. ఏ గోడ కనపడినా వేలి కణుపుతో కొట్టి చూడందే వదలడు. ఆ ఆదివారం ఆమె చూపించిన ప్రతి గోడనీ కొట్టాడు, ప్రతి కొళాయినీ తిప్పాడు, ప్రతిదానికీ పెదవి విరిచాడు.

అందులో అతని తప్పేమీ లేదు. ఒకప్పుడు అదంతా నూలు మిల్లుల పేట. ఇప్పుడు గోదాములన్నీ కాఫీ షాపులయ్యాయి. లారీలు ఆగిన చోట కుక్కపిల్లలకి క్షవరం చేసే దుకాణం వెలిసింది. మిల్లుని ముక్కలుగా కోసి ఫ్లాట్లు చేశారు. గోడలకి సిమెంటు పూయడం ఎగ్గొట్టి, దానికి రస్టిక్ అని పేరు పెట్టి, రేటు పెంచారు. అన్నీ అమ్ముడుపోయాయి, కింది అంతస్తులో ఈ స్తంభం ఫ్లాటు తప్ప.

“ఇక్కడ ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి సార్,” అంది ఆమె బ్రోషర్‌లో ఉన్నది ఉన్నట్టు. “ఈ గోడల్లో వందేళ్ళ ప్రశాంతత ఉంది.”

అతను కళ్ళు మూసుకోలేదు. ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి చురుక్కుమంది.

“ప్లాన్ కాగితం తెస్తాను,” అని చరచరా ఆవరణ దాటి ఆఫీసులోకి వెళ్ళింది. ఆఫీసంటే నాలుగువైపులా మందపాటి అద్దాలు. తలుపు మూస్తే లోపలి మాట బయటికి రాదు. అక్కడ కూర్చున్న స్నేహితురాలితో కసి తీరా ఏదో చెప్పి, కాగితం పట్టుకుని, మళ్ళీ ఆ జీతపు నవ్వు తగిలించుకుని తిరిగొచ్చింది.

అతను ఆవరణ వైపు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

“తాళంలాంటి మొహమంటే ఒప్పుకుంటాను మేడమ్. తుప్పు మాత్రం పట్టలేదు.”

ఆమె చేతిలోంచి కాగితం జారిపోయింది. ‘తుప్పు పట్టిన తాళంలాంటి మొహం, వీడు కొనే రకం కాదు’ అని ఆమె అన్న మాట నిజమే. కానీ రెండు అద్దాల అవతల!

“మీకెలా వినిపించింది?”

“వినిపించలేదు, కనిపించింది.” అతను హాలంతా చెయ్యి తిప్పి చూపించాడు. “ఇక్కడ రెండొందల మిషన్లు ఒకేసారి తిరిగేవి. పక్కమనిషి అరిచినా వినపడేది కాదు. అందుకని ఇక్కడి ఆడవాళ్ళు గొంతు వాడేవారు కాదు, పెదాలతోనే మాట్లాడుకునేవారు. మా అమ్మ ఇరవై రెండేళ్ళు చేసింది. చెవులు రెండూ ఇక్కడే పోయాయి. మా ఇంట్లో నేను నడక కంటే ముందు పెదాలు చదవడం నేర్చుకున్నాను. మీరు చెప్పే వందేళ్ళ ప్రశాంతత అదీ!”

ఆమె తల దించుకుంది. మనుషుల చెవులు తిన్న చోటుకి ప్రశాంతత అని పేరు పెట్టడం తెలివా, పాపమా? నేను తేల్చలేను. పై నుంచి చూసేవాడు తేల్చాలి.

“మరి ఇంత కోపం ఉన్నవారు ఎందుకొచ్చారు?”

“అమ్మకి ఈ ఫ్లాటే కావాలట. ఎందుకంటే చెప్పదు. నేను లోపాలు వెతికి, చూపించి, మాన్పిద్దామని.”

అలా ఆదివారం ఆదివారం లోపాలు వెతకడానికి వచ్చాడు. వాళ్ళు ఒకరికొకరు పేర్లు కూడా పెట్టుకున్నారు.

“ఏం బ్రోషరమ్మగారూ, ఈ వారం కొత్త అబద్ధాలేమైనా అచ్చయ్యాయా?”

“రండి లోపాలరావుగారూ. కిటికీ గొళ్ళెం ఒకటి మిగిలింది, దాన్ని కూడా తిట్టేసి వెళ్ళండి.”

నాలుగో ఆదివారానికి అతను గోడలు కొట్టడం మరిచిపోయాడు. ఆమె బ్రోషర్ తేవడం మానేసింది. పెదాలతో ఎలా మాట్లాడాలో అతను నేర్పితే, ఆవరణకి ఆ పక్కన ఒకరూ ఈ పక్కన ఒకరూ నిలబడి చప్పుడు లేకుండా పోట్లాడుకునేవారు.

అన్ని లోపాలు పట్టినవాడు అసలు లోపం మాత్రం పట్టలేదు. ఆ స్తంభం కిందే భవనానికంతటికీ నీళ్ళెక్కించే మోటారు ఉంది. అది తిరిగితే స్తంభం వణుకుతుంది. ఎవరైనా చూడటానికి వస్తుంటే ముందుగా వాచ్‌మన్‌తో మోటారు ఆపించమని మేనేజరు హుకుం. ఆమే ఆపిస్తూ వచ్చింది. మొదటి ఆదివారం అది ఉద్యోగం. నాలుగో ఆదివారానికి మోసమయింది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అతని ముందు ఎప్పటికీ తలెత్తలేదు.

ఐదో ఆదివారం అతను తల్లిని తీసుకొచ్చాడు. వాన కురుస్తోంది. ఎంత చెప్పినా ఆవిడ వినలేదట, ఆ రోజే సంతకం పెడతానంది. తల్లీకొడుకులు ఫ్లాటు కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆఫీసులో మేనేజరు అటు తిరిగి హుషారుగా కాగితాలు సర్దుతున్నాడు.

ఆమె ఆఫీసు అద్దానికి దగ్గరగా వచ్చింది. గొంతు కలపకుండా పెదాలు కదిపింది.

“కొనకండి. కింద మోటారుంది. తిరిగితే స్తంభం వణుకుతుంది. మీరొచ్చినప్పుడల్లా నేనే ఆపించాను. క్షమించండి.”

అతని మొహం వాడిపోయింది. అతని పక్కనే అతనికంటే బాగా చదవగల మనిషి ఉందని ఆమెకి గుర్తే లేదు. తల్లి కొడుకు చెయ్యి విదిలించుకుని, వానలో తడుస్తూ ఆవరణ దాటి, ఆఫీసు తలుపు తోసింది.

“మోటారు వెయ్యమనండి!” చెవులు లేనివారి గొంతు కదా, అద్దాలు అదిరాయి.

“ఏ మోటారండీ?” మేనేజరు గుటకలు మింగాడు.

“నువ్వు ఆపించింది!”

మోటారు వేశారు. అందరూ ఫ్లాటులోకి వచ్చారు. స్తంభం సన్నగా వణికింది. ఆవిడ రెండు అరచేతులూ దానికి ఆనించి కళ్ళు మూసుకుంది.

“నా మిషను దీని పక్కనే ఉండేది,” అంది. “చెవులు పోయాక కూడా ఇది అరచేతికి చెప్పేది, పని నడుస్తోందని. నెల రోజులుగా ఈ ఫ్లాటుని వీడు తిడుతూనే ఉన్నాడు. ఒరేయ్, మీ నాన్న నన్ను పెళ్ళికి అడిగింది ఇక్కడేరా. అదిగో, ఆ తలుపు దగ్గర నిలబడి పెదాలతో అడిగాడు. నాకొక్కదానికే అనుకున్నాడు పిచ్చి మహారాజు. హాలంతా చదివేసింది!”

ఇన్నాళ్ళూ అతను ఆ హాలు అమ్మ దగ్గర తీసుకున్నదే లెక్కపెట్టాడు గానీ, ఇచ్చింది అడగనే లేదు.

ఆవిడ మేనేజరు చేతిలోని బ్రోషర్ లాక్కుని రెండు పేజీలు తిప్పింది. “ఈ పుస్తకంలో ఒక్క నిజం లేదు. నిజం చెప్పింది ఈ పిల్ల ఒక్కతే. దీన్ని పనిలోంచి తీస్తే నాకు ఇల్లొద్దు. తెలిసిందా?”

మేనేజరు తల ఊపాడు.

అతను నెమ్మదిగా తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చప్పుడు లేకుండా ఆమెని అడిగాడు. “లోపాలన్నీ అయిపోయాయి. ఇంక ఆదివారాలు ఏ వంకతో రాను?”

ఆమె చప్పుడు లేకుండానే అంది. “మోటారు పట్టలేని మెకానిక్కుకి వంకలు తక్కువా? అసలు వంకలెందుకు?”

“ఏరా,” అని స్తంభం దగ్గర్నుంచి తల్లి గొంతు ఖంగుమంది, “తాళంలాంటి మొహమే గానీ కళ్ళు బాగున్నాయన్న పిల్ల ఈ పిల్లేనా?”

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ మొదటి రోజు అద్దాల వెనక తను అన్న కళ్ళ సంగతి అతను చదవలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది.