కాలేజీ గేటు దాకా

సిరిసిల్లలో తెల్లవారిందంటే సాంచాల చప్పుడే. మరమగ్గాలను అక్కడ అందరూ సాంచాలనే అంటారు. ఆ చప్పుడులోనే పిల్లలు చదువుకుంటారు, ముసలివాళ్లు కునుకు తీస్తారు. ఆ పొద్దున కూడా వాడంతా టకటకమంటూనే ఉంది. అఖిల తలకు పోసుకుని, ఉన్నవాటిలో మంచి డ్రెస్సు వేసుకుని, చెప్పులు తొడుక్కుంటుంటే తండ్రి రాజనర్సు గడపలో నిలబడి, ఇవాళ బంద్ ఉంది, బస్సులు నడవవు అన్నాడు.

ఆయన ఆ మాట చెప్పడం అదేమీ మొదటిసారి కాదు. తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతున్న రోజులు. ఒకనాడు బంద్ అయితే ఇంకోనాడు రాస్తారోకో. అందుకని ఇంట్లో ఎవరూ అనుమానించలేదు.

అఖిల పోవాలనుకున్నది కోరుట్లకు. అక్కడి పశువైద్య కాలేజీని ఒక్కసారి కళ్లారా చూడాలని ఆశ. రాయికల్‌లో అమ్మమ్మ వాళ్ల బర్రె ఈనలేక గిలగిలలాడి చచ్చిపోయిన నాటి నుంచి ఆ పిల్లకు ఆ చదువు మీదే ధ్యాస. ఎంసెట్ ర్యాంకు వచ్చింది. నిరుటి లెక్కన సీటు వచ్చేటట్టూ ఉంది, రానట్టూ ఉంది. కౌన్సెలింగ్ చూస్తే వాయిదా పడుతూనే ఉంది.

ఆమె చెప్పులు విప్పలేదు. బయటి చప్పుడు కాసేపు విన్నది.

"బంద్ అయితే సాంచాలెట్ల నడుస్తున్నయి బాపూ?"

బంద్ అంటే సిరిసిల్లలో ముందు ఆగేవి సాంచాలే. బతుకంతా వాటి మధ్యనే గడిపిన మనిషి, తీరా అబద్ధమాడేటప్పుడు ఆ సంగతే మరిచిపోయాడు. ఆ చప్పుడు ఆయన చెవికెక్కడం మానేసి ఏళ్లయింది మరి.

అఖిలకు ఒళ్లు మండిపోయింది. ఇంతకుముందు చెప్పిన బంద్‌లు కూడా ఉత్తవేనా అని నిలదీసింది. ఆడపిల్లకు అంత చదువెందుకని మనసులో ఉంటే మొహం మీదే చెప్పరాదా అంది. బీడీలు చుడుతున్న తల్లి ముత్తవ్వ చాట పక్కన పెట్టి, బాపుతో ఆ మాటలేందని కసిరింది. కసిరిందే గానీ, జవాబు కోసం ఆమె కూడా మొగుడి వంకే చూస్తోంది.

రాజనర్సు గడప మీద కూలబడ్డాడు.

"జలపతి కొడుకు యాదికి లేడా నీకు?"

వెనక సందులో ఉండే జలపతి కొడుకు పోయినేడు ఓ కాలేజీ చూసి వచ్చి, హాస్టల్లో ఏ గది తీసుకోవాలో కూడా దోస్తులకు చెప్పుకున్నాడు. సీటు రాలేదు. పిల్లవాడు మిగల్లేదు. పాడె మోసినవాళ్లలో రాజనర్సు ఒకడు.

"చూడకుంటే మనది కాదనుకొని ఊకుంటవు. చూసినంక రాకపోతే ఓర్సుకోవు బిడ్డా. నాకు చదువు మీద పగ లేదు. నాకు నువ్వు కావాలె."

తండ్రి తన చదువుకు అడ్డం పడుతున్నాడని ఇన్నాళ్లూ లోలోపల ఎంత తిట్టుకుందో అఖిల! పాపం, ఆయన రాత్రింబగళ్లు ఆమె ప్రాణానికి కాపలా కాస్తున్నాడు. మెల్లగా చెప్పులు విప్పి, నేను పోను బాపూ అంది.

ముత్తవ్వే తేల్చింది. "చూడకున్నా పిల్ల మనసుల ఉన్నది ఎటూ పోదు. ఒక్కదాన్ని పంపకు. నువ్వు ఎంట పో."

తండ్రీకూతుళ్లు కోరుట్ల చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కాలేజీ ముందు విద్యార్థులు దీక్షలో కూర్చున్నారు. గేటుకు తాళం. లోపలికి ఎవరినీ పంపేది లేదన్నాడు వాచ్‌మన్. పొద్దున దాకా వద్దంటే వద్దన్న రాజనర్సు ఇప్పుడు చేతులు జోడించాడు. లోపటికి వద్దు సారూ, బిడ్డ ఈడ నిలబడే చూసి పోతదని బతిమాలాడు.

అఖిల గేటు ఊచలు పట్టుకుని చూసింది. పొడుగాటి మట్టిదారి, ఓ భవనం, దూరాన షెడ్డు కింద నెమరేస్తున్న ఆవులు. అంతే. ఆ మాత్రానికే ఆమె కళ్లు నిండిపోయాయి. రాజనర్సు అటు చూడనే లేదు. కూతురి మొహాన్నే చూస్తున్నాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"రాకపోతే ఏడుస్త బాపూ. మస్తు ఏడుస్త. గని ఇంట్లనే, నీ ముందటనే ఏడుస్త. ఇంకేం చేసుకోను. నీ తోడు."

రాజనర్సు తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దీక్షలో కూర్చున్న పిల్లలంతా చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. అఖిల ఆయన వీపు నిమురుతూ నిలబడింది.