గార్డుగారి గేటు

చీకటి పడ్డాక గార్డుగారి గేటు ముట్టుకోకూడదు. ఆ వీధిలో ఎవరిని అడిగినా ఇదే మాట. పగలు ముట్టుకోవచ్చు, కావాలంటే తల ఆనించి కునుకు కూడా తీయొచ్చు. దీపాలు పెట్టే వేళ దాటిందా... లోపలినుంచి ఎవరో చెయ్యి పట్టుకుంటారు.

ఎవరో అంటే ఎవరో కాదు, గార్డుగారే. రైళ్లలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. బతికినన్నాళ్లూ సాయంత్రమయ్యేసరికి వరండాలో ఆ ఇనప గేటు వెనకే కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లనల్లా "ఎవరది?" అని నిలదీసేవాడు. పోయి రెండేళ్లయింది. నెల తిరక్కుండానే పాలు పోసే మనిషి చెయ్యి పట్టుకున్నాడట. తర్వాత ఇస్త్రీ బట్టలు తెచ్చినవాడిది. ఆ తర్వాత సొంత చెల్లెలిది — ఆవిడ అరిచిన అరుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది. అంతటితో ఆ ఇంటికి రాకపోకలు ఆగిపోయాయి. లోపల మిగిలింది గార్డుగారి భార్య, ఒక రేడియో.

ఈ కథ గడ్డం గీయించుకుంటుండగా రేడియో మెకానిక్ చెవిన పడింది. ఏ సెట్టు ఎప్పుడిస్తావని అడిగినా "రేపు" అనేవాడు కనక ఆయన్ని అందరూ రేపుగారు అనేవారు. భార్య పోయాక, మూడేళ్లుగా షాపు తలుపే తీయలేదు. పక్క వీధిలో ఒంటిగదిలో ఉంటున్నాడు. పొద్దున్నే రెండు గ్లాసులు కడుగుతాడు, ఒకదాన్లో తాగుతాడు.

కథ విన్నవాళ్లకి భయం పుడితే ఈయనకి ఆశ పుట్టింది. చచ్చిపోయిన మనిషి గేటు దగ్గర నిలబడి చెయ్యి పట్టుకోగలిగితే... తన భార్య కూడా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది కదా. ఎక్కడ వెతకాలో గార్డుగారినే అడగొచ్చు. నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

ఆ రాత్రి మబ్బు పట్టి ఉంది. వీధిలో పురుగు లేదు. లోపల రేడియో సన్నగా ఏదో చెప్పుకుంటోంది. ఆయన గేటు ముందు నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు... దించాడు... మళ్లీ ఎత్తి, ఊపిరి బిగపట్టి, చువ్వ మీద వేళ్లు ఆనించాడు.

పట్టుకుంది.

వేళ్ల చివర మొదలై, మణికట్టు దాటి, మోచేతి దాకా... వణికిస్తూ, గుంజుతూ. చెయ్యి లాక్కున్నాడు.

ఇంకొకరైతే పరుగు లంకించుకునేవారు. ఆయన కదల్లేదు. నలభై ఏళ్లుగా ఆ దెబ్బ తింటున్న చెయ్యి అది, పొరపాటు పడదు. గార్డుగారు కాదు, ఎవరూ కాదు. కరెంటు.

గేటు ముందే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. దెయ్యం లేదని ఏడ్చిన మనిషి ఆ వీధి మొత్తానికి ఆయనొక్కడే.

అప్పుడు మెరిసిన మెరుపులో కనిపించింది — గేటు పైచువ్వకి కట్టిన సన్నని తీగ. రేడియో బాగా పలకాలని కట్టే ఏరియల్. మూడు చుట్లు తిప్పి, కొసని వెనక్కి మడిచిన ముడి... తన చేతి ముడే. అంతా గుర్తొచ్చింది.

"ఎవరది?" లోపలినుంచి ఆవిడ గొంతు.

"రేడియో మెకానిక్‌నమ్మా. ముందు స్విచ్చి ఆపి ప్లగ్గు పీకెయ్యండి. అప్పటిదాకా గేటు ముట్టుకోకండి."

రేడియో ఆగింది. ఆవిడ వచ్చి గేటు తీసి, ఆయన చేతివంకే చూస్తూ మెల్లగా అడిగింది. "మిమ్మల్నీ పట్టుకున్నారా, అన్నయ్యగారూ? ఏం చేస్తాం... నా దగ్గరికి ఎవర్నీ రానివ్వరు."

ఆ ఫిర్యాదులో కాస్త గర్వం కూడా ఉంది. గేటు వెనక కుర్చీ వేసే ఉంది, దాని మీద మడత పెట్టిన కండువా.

ఆయన కిటికీ పక్కనున్న చిన్న పెట్టె అందుకున్నాడు, రేడియోని బ్యాటరీల బదులు ఇంటి కరెంటుతో నడిపేది. బ్యాటరీలు కొనలేక విసిగిపోయి గార్డుగారు అడిగితే తను చేసిచ్చిందే. అందులో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఇంటి కరెంటు ఒక తీగచుట్టలో ఆగిపోతుంది, పక్క చుట్టలో ఆరు వోల్టులు పుడతాయి, రెంటినీ కలిపే తీగంటూ ఉండదు. ఆ రోజు చేతిలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. దాని బదులు కెపాసిటర్ వేశాడు; దాంతో ఇంటి తీగ ఒకటి నేరుగా రేడియోకే కలుస్తుంది, ప్లగ్గు తిరగబడితే కరెంటు ఆ తీగలోకే వస్తుంది. అందుకే ప్లగ్గు మీద ఎర్రచుక్క పెట్టి, చుక్క ఎప్పుడూ పైకే ఉండాలని చెప్పాడు. రేపు మార్చేస్తానన్నాడు. ఆ వారమే భార్య మంచాన పడింది. కొన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పటికీ షాపు సొరుగులోనే ఉంది.

గార్డుగారు బతికున్నన్నాళ్లూ చుక్క పైకే ఉంది. ఆయన పోయాక ఆవిడ ఊడ్చుకోడానికి ప్లగ్గు తీసి, తిరగేసి పెట్టింది. అప్పట్నుంచి సాయంత్రం రేడియో పెట్టినప్పుడల్లా ఇంటి కరెంటు తీగ వెంబడి గేటు దాకా వస్తోంది.

చెబితే ఆవిడకి ఉన్న ఒక్క తోడూ పోతుంది. చెప్పకపోతే... ఎక్కడో ఉరిమింది. వానకి గేటు తడిసి, ఎవరైనా చెప్పుల్లేని కాళ్లతో వస్తే, ఈసారి పట్టుకుని వదలదు.

"అమ్మా," అన్నాడు, "పట్టుకున్నది ఆయన కాదు. నేను."

ఎర్రచుక్క చూపించి, దాచుకోకుండా అంతా చెప్పాడు. ఆవిడ గేటు దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో చువ్వలు పట్టుకుంది. చాలాసేపు పట్టుకునే ఉంది.

"అయితే... ఆయన లేరన్నమాట."

"లేరమ్మా. మా ఆవిడా లేదు. నేనూ అది తెలుసుకోడానికే వచ్చాను."

పెట్టె జేబులో వేసుకుని, అలవాటైన నోరు కదా, "రేపు చేసి తెస్తాను" అనేసి బయటికొచ్చాడు. గేటు మూశాడు. గడియ పెట్టబోతే చేతికి దొరకలేదు. వీధి చివరి దీపం ఇక్కడిదాకా రాదు.

చీకట్లో... ఏదో ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పెట్టె జేబులోనే ఉంది. తీగలో కరెంటు లేదు. గేటు ఉత్త ఇనుము. అయినా ఆ పట్టు వదల్లేదు. అది గుంజడం లేదు... వెచ్చగా ఉంది.

చువ్వల మధ్యనుంచి ఆవిడ చెయ్యి.

"రేపంటే... నిజంగా రేపేనా, అన్నయ్యగారూ? రేడియో కూడా లేకపోతే ఈ ఇంట్లో చప్పుడే ఉండదు."

ఆయన ఆ చెయ్యి విడిపించుకోలేదు.

"రేపు కాదమ్మా. సొరుగులో ఉంది, ఇప్పుడే తెస్తాను. గేటు తీసే ఉంచండి."