సందువైపు గోడ

ఆవిడకు యాభై దాటినా ఊళ్ళో అందరికీ ఇంకా బొమ్మరిళ్ళమ్మాయే. అట్టలు, పల్చటి చెక్కలు, జిగురు, కత్తి... ఇవే ఆవిడ సరంజామా. ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని ఇళ్ళను బల్ల మీద మళ్ళీ కట్టడం ఆవిడ పని. ఈసారి పురపాలక భవనం హాల్లో ప్రదర్శనకని ఏకంగా ఒక పాత వీధినే కట్టింది.

ఏం వీధండీ అది! చెక్క వసారాలు, పెంకు కప్పులు, సున్నం గోడలు. ఎదురింటివాళ్ళతో కిటికీలోంచే పోట్లాడుకోగలిగినంత ఇరుకు. తర్వాత వసారాలు పోయి షట్టర్లొచ్చాయి, షట్టర్లు పోయి అద్దాలొచ్చాయి. ఇప్పుడక్కడ నిలబడితే మన మొహమే మనకు కనబడుతుంది తప్ప ఇల్లన్నది కనబడదు.

ఫొటో దొరికిన ఇళ్ళతో పేచీ లేదు. దొరకని ఇంటికి ఆవిడ పద్ధతి ఒకటుంది. అందులో పెరిగినవాళ్ళను కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని వీధిలోంచి లోపలికి నడవమంటుంది. ముసలివాళ్ళు కుర్చీలో కూర్చునే తలుపు తోస్తారు, గుమ్మం తగలకుండా తల వంచుతారు, చెయ్యి చాచి గోడ గూటిని తడుముతారు. ఈవిడ పక్కన కూర్చుని గీసుకుంటుంది. అలా నడిచినవాళ్ళు ఎవరూ తప్పు చెప్పలేదు.

ఒక్క ఇంటికి మాత్రం ఆవిడ ఎవరినీ నడిపించలేదు. అది వాళ్ళమ్మ పుట్టిల్లు. అమ్మ ఆ ఇల్లు వదిలేనాటికి పసిది, చూస్తే గుర్తుపట్టగలదేమో గానీ తనంతట తాను చెప్పలేదు. చెప్పాల్సింది పెద్దమ్మే. పెద్దమ్మ ఊరికి ఆ చివర ఒక గదిలో ఒంటరిగా ఉండేది. ఫోను చేసినప్పుడల్లా, ఎప్పుడొస్తావే, నడిచి చూపిస్తాను అని సంబరపడేది. ఈవిడేమో వచ్చే ఆదివారం అనేది. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ కూడా పోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. చివరి రోజుల్లో అక్క దగ్గర ఎవరూ కూర్చోలేదే అని అమ్మ గుండెలు బాదుకుంటుంటే, ఓదార్చబోయి నోరు జారింది. తను వెళ్ళిందనీ, రోజంతా కూర్చుందనీ, ఇంటి సంగతంతా పెద్దమ్మ నోటే చెప్పించుకుందనీ అనేసింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పటినుంచి ఇంటికొచ్చినవాళ్ళందరికీ అదే చెప్పుకుని తేరుకుంటోంది. అది విన్నప్పుడల్లా కూతురికి తల కొట్టేసినట్టయ్యేది.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. అతికించడం ఆవిడకు కొట్టినపిండే కదా! అటూ ఇటూ ఉన్న ఇళ్ళను చూసి, అలాంటి కిటికీలే పెట్టి ఇల్లు లేపేసింది. తలుపు ఎక్కడుండేదో మాత్రం అంతుపట్టలేదు. పక్కింటికీ దానికీ మధ్య వేలెడు సందు వదిలి, అడిగినవాళ్ళకు తలుపు సందులో ఉంది, కనబడదులెండి అని చెప్పింది. నిజానికి అటువైపు ఉన్నది బోడి గోడ. చూడవచ్చిన పెద్దవాళ్ళు కూడా అవునవును, అచ్చం ఇలాగే ఉండేది అని తలలూపారు. ఇక మిగిలింది అమ్మ ఒక్కతే. మర్నాడే ప్రారంభం, అమ్మ చూడ్డానికి వస్తోంది. తేడా కనిపెడితే ఆ ముసలి ప్రాణానికి మిగిలిన ఊరట కాస్తా పోతుంది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. పనివాళ్ళు వెళ్ళిపోయారు. కాపలా అతను టీ తాగొస్తానని కిందికి దిగాడు. ఆవిడ ఒక్కతే వీధి దీపాలు అతికిస్తుంటే కరెంటు పోయింది. కిటికీల్లోంచి బూడిదరంగు వెలుగు బల్ల మీద పడింది. జిగురు వాసన, చెక్కపొట్టు వాసన... వాటి మధ్యలోంచి ఇంకో వాసన మెల్లగా లేచింది.

తడిసిన సున్నం.

ఆ బల్ల మీద ఆవిడ చిటికెడు సున్నం కూడా వాడలేదు.

గీక్...

ఎవరో గోరుతో అట్ట గీరుతున్న చప్పుడు. ఎలుకేమో అనుకుంది. జిగురు రుచికి ఎలుకలు వస్తూనే ఉంటాయి. చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఒకచోట కాదు... కదులుతోంది. గోడ వెంట... మెల్లగా... చీకట్లో తలుపు కోసం తడుముకుంటున్నట్టు.

అమ్మ పుట్టింటి గోడ వెంట.

"అమ్మడూ..."

ఆవిణ్ణి అలా పిలిచేది ఒక్కరే.

"తలుపు ఎక్కడ పెట్టావే?"

చచ్చిపోయిన మనిషి దగ్గర కూడా ఆవిడ నోటికి వచ్చింది అబద్ధమే.

"సందులో... పెద్దమ్మా."

గోరు సందువైపు వెళ్ళింది. ఈ చివర నుంచి ఆ చివరకు గీరింది. మళ్ళీ వెనక్కి.

"లేదే ఇక్కడ."

ఆవిడ కత్తి అందుకుంది. వీధివైపు గోడకు గుమ్మమంత కోసింది. అక్కడ కాదు అంది గొంతు. పెరటివైపు కోసింది. అక్కడా కాదు. సందులోకి కత్తి పట్టిన చెయ్యి దూరదు. ఎక్కడ కొయ్యాలో తెలియక మళ్ళీ ముందుకొచ్చింది. కత్తి జారి వేలు తెగింది. అప్పుడు ఏడుపొచ్చేసింది.

"నేను రాలేదు పెద్దమ్మా... నిన్ను అడగనే లేదు."

గోరు గీరడం ఆపింది.

"తెలుసే. రోజూ గుమ్మంలోనే కూర్చున్నాగా."

కోప్పడినా బాగుండేది. నింద లేకుండా, మామూలుగా అంది. ఆవిడకు భయం కన్నా సిగ్గే ఎక్కువైంది. చీర చెంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడిపోయింది.

కరెంటు వచ్చేసరికి ఎవరూ లేరు. కోసిన చోట్లు పూడ్చి, రంగు వేసి, ఇంటికి వెళ్ళింది. పొద్దున్నే అమ్మకు నిజం చెప్పేద్దామనుకుంది. తీరా లేచేసరికి అమ్మ తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని తయారుగా కూర్చుని ఉంది. చెప్పడానికి నోరు రాలేదు.

హాలు నిండా జనం. అమ్మ తిన్నగా ఆ ఇంటి దగ్గరికే వెళ్ళింది. వంగి, సందులోకి తొంగిచూసింది.

"ఇదేనే! ఇదే తలుపు. కింద చెక్క ఇలాగే విరిగి ఉండేది. అక్క చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది?"

కూతురు కూడా వంగింది. సందువైపు గోడకు బొటనవేలంత తలుపు, ఆకుపచ్చ రంగు పెచ్చులూడుతూ, ఓరగా తెరిచి ఉంది. అది తను చేసింది కాదు. చుట్టూ నిలబడ్డవాళ్ళు భేష్ అన్నారు. అమ్మ అందరికేసీ గర్వంగా చూసి, అన్నీ అక్కే చెప్పింది కదే అని మళ్ళీ అడిగింది.

"అవునమ్మా," అంది, తేలు కుట్టిన దొంగలా.

ఎవరో అధికారి వచ్చి అభినందిస్తానని ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్ళాడు. నాలుగు మాటలు మాట్లాడి తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర అమ్మ లేదు. బల్ల కింద అమ్మ చెప్పులున్నాయి, పక్కపక్కన, ఇంట్లోకి వెళ్ళేముందు విడిచినట్టు. గుమ్మం దగ్గర కాపలా అతణ్ణి అడిగితే పెద్దావిడ ఎవరూ బయటికి రాలేదన్నాడు.

పరుగున వెనక్కి వచ్చి సందులోకి చూసింది. ఓరగా ఉన్న తలుపు ఇప్పుడు మూసి ఉంది. జనం వింతగా చూస్తున్నా లెక్కచెయ్యక, ఇంటి కప్పుకు చెవి ఆనించింది. లోపల... ఎక్కడో దూరంగా... ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఒకరు ఏదో అంటే ఇంకొకరు చిన్నపిల్లలా కిలకిలా నవ్వుతున్నారు.

"అమ్మా..." అంది.

మాటలు ఆగిపోయాయి. లోపలినుంచి ఎవరో గడియ వేశారు.